చీపురుపల్లిలో పన్నెండయితే సువాలో ఎంత?

ఆ రోజుల్లో మా వైపు కాలానికి పెద్ద తొందరేమీ ఉండేది కాదు. చేతికి గడియారం ఉన్నవాళ్ళే తక్కువ, ఉన్నవాళ్ళలో సగంమంది అది ఆగిపోయినా అందానికి కట్టుకు తిరిగేవారు. గాలి అటునుంచి వీస్తే గరివిడి ఫ్యాక్టరీ కూత వినబడేది, లేకపోతే లేదు. పాసింజరు బండి వచ్చిందంటే పదయినట్టు. అది ఆలస్యంగా వస్తే ఆ రోజు పదే ఆలస్యంగా అయినట్టు. అలాంటి చీపురుపల్లికి, బి.ఎడ్. చేతికొచ్చిన వేడి చల్లారకముందే, సోషల్ టీచరుగా వచ్చి పడ్డాను. ఇరవై రెండేళ్ళు. విజయనగరంలో సంగీతం మేష్టారి కూతుర్ని. తాళం తప్పితే చెవి మెలిపెట్టే ఇంట్లో పెరగడం వల్లనో ఏమో, ఏది ఎప్పుడు జరగాలో అప్పుడే జరగాలనీ, లోకంలో ఉన్న అజ్ఞానమంతా ఒక మంచి గ్లోబు లేకపోవడం వల్లనే ఉందనీ నా గట్టి నమ్మకం. (మా బడికి గ్లోబు ఉండేది. దాని ఇరుసు విరిగిపోయిందని బీరువాలో పెట్టి తాళం వేశారు. విరిగినదాన్ని మళ్ళీ ఎవరు విరగ్గొడతారో నాకు అర్థమయ్యేది కాదు.)

నేను అద్దెకి దిగిన గది ఒక రైతుల ఇంట్లోది. ఇంటాయన్ని ఊరంతా నాయుడు మావ అనేది, నేనూ అలాగే పిలిచేదాన్ని. వరి, గోగు పండించే మనిషి, గొంతు పెద్దది, మనసూ పెద్దదే, కోపం మాత్రం ఆ రెంటికంటే పెద్దది. వాళ్ళమ్మ అందరికీ మామ్మ. డెబ్బై దాటినా కర్ర పట్టని మనిషి. చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ అరుగు మీద కూర్చుంటే, ఆ వీధిలో నడిచే ప్రతివాడూ ఎక్కడికి వెళుతున్నాడో చెప్పి మరీ వెళ్ళాల్సిందే. మామ్మకి ఒక్కడే అన్న. మీసాలు రాని వయసులో చెరుకు తోటల్లో పనికని ఓడెక్కి ఫిజీ దీవులకి వెళ్ళిపోయి, మళ్ళీ రాలేదు. ఇప్పుడు సువా అనే పట్నంలో, అంటే ఆ దీవుల రాజధానిలో, కొడుకులతో మనవలతో ఉంటున్నాడు. ఏడాదికో రెండేళ్ళకో అక్కడి తెలుగు బడి మేష్టారి చేత రాయించిన ఉత్తరం వచ్చేది. అది చదివి పెట్టడం అద్దెకున్నవాళ్ళ విధి.

ఆ ఏడు మాఘమాసంలో వచ్చిన ఉత్తరం అరుగు మీదే చదివాను. పెద్ద మనవరాలికి పెళ్ళి. ఫాల్గుణంలో ఫలానా ఆదివారం, పగలు పన్నెండు గంటలకి, అభిజిత్ లగ్నం. "నువ్వు రాలేవు, నేను రమ్మని అనలేను. సరిగ్గా ఆ వేళకి నువ్వక్కడ నాలుగు అక్షింతలు వెయ్యి చెల్లీ. ఇక్కడ పిల్ల నెత్తిన పడ్డట్టే" అని రాయించాడు. మామ్మ నా చేత దాన్ని మూడుసార్లు చదివించుకుని, చుట్ట చేతిలోకి తీసుకుని, "పన్నెండంటే మిట్టమజ్జానవేనా?" అంది.

ఔనని ఊరుకుంటే ఈ కథే లేదు. "వాళ్ళకి మిట్టమధ్యాహ్నం మామ్మా. మనకి అప్పుడు తెల్లవారుజామున అయిదున్నర" అన్నాను, బడిలో పాఠం చెప్పే గొంతుతో.

"ఏటీ?" అంది మామ్మ.

పశువులకి కుడితి పెడుతున్న నాయుడు మావ చెయ్యి కడుక్కోకుండానే వచ్చేశాడు. "అదేటి టీచరమ్మా! మా మావ మనకి రాసిన ఉత్తరంలో మన టైము రాస్తాడు గానీ ఆళ్ళ టైము ఎందుకు రాస్తాడు? ఆళ్ళ టైముతో మనకేటి పని?" అన్నాడు. అది ఎవరి టైమూ కాదనీ, సూర్యుడిదనీ చెప్పబోయాను. "సూరీడికి గెడియారమేటి?" అన్నాడు.

మాటలతో కాదని, అటక మీద వడియాలకి దాచిన బూడిద గుమ్మడికాయ దింపించాను. దాని మీద తెల్లటి బూడిద ఉంటుంది కదా, వేలితో గీస్తే చక్కగా గీత పడింది. హిందూదేశం గీశాను. చీపురుపల్లికి కుంకుమ బొట్టు పెట్టాను. అంత దూరాన, సముద్రం మధ్యలో, సువాకి పసుపు బొట్టు. సాయంత్రపు ఎండ వీధి గుమ్మంలోంచి వాలుగా పడుతోంది. కాయని అందులో పెట్టి మెల్లగా తిప్పాను. ("గోరు గుచ్చకే, కుళ్ళిపోతాది" అని మామ్మ మధ్యలో రెండుసార్లు.) ముందు పసుపు బొట్టు ఎండలోకి వచ్చింది. అది బాగా మీదికెక్కేసరికి కుంకుమ బొట్టు అప్పుడే వెలుగు అంచుకి చేరింది.

మామ్మ కళ్ళు చిట్లించి చాలాసేపు చూసింది. "అంటే పొద్దు ముందు మా అన్నింటికెల్లి, తర్వాత మనింటికొస్తాదా?"

"అంతే మామ్మా! అదే!"

"అలగే ఉండాల" అంది ఏ ఆశ్చర్యమూ లేకుండా. "సిన్నప్పుడూ అంతే. కోడి కుయ్యకముందే లెగిసి, నన్ను తన్ని లేపీవోడు."

నాకు కళ్ళనీళ్ళు వచ్చినంత పనయింది. ఉద్యోగంలో చేరాక నేను చెప్పింది చెప్పినట్టు అర్థం చేసుకున్న మొదటి మనిషి ఆవిడ. కానీ ఆ ఆనందం నాయుడు మావ నోరు తెరిచేదాకానే నిలిచింది. "అయితే రేపటి పొద్దు ఆళ్ళు ముందే సూసీస్తారు కదా. రేపు వాన పడతాదో లేదో మా మావకి తంతి కొట్టి అడిగీలేమా?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. వాళ్ళ వాన వేరు, మన వాన వేరు అని నేను చెబుతుంటే, "వాన వేరయినప్పుడు పన్నెండు ఒకటే ఎలగవుతాది, అదే గదా నేనూ అంటన్నాను" అని లేచి వెళ్ళిపోయాడు. నేను అన్నదే తను అన్నాడో, నాకు ఎదురు చెప్పాడో తేల్చుకోవడానికి నాకు ఆ సాయంత్రమంతా పట్టింది.

మర్నాడు పంతులు గారిని పిలిపించారు. ఊళ్ళో ఆయన్ని వాచీ పంతులనేవారు. మంత్రం మధ్యలో కూడా మణికట్టు చూసుకునే అలవాటు. ఆయన పంచాంగం విప్పనేలేదు. "అభిజిత్తు అంటే ఏవిటమ్మా? సూర్యుడు నడినెత్తిన ఉండాలి. పొద్దు పొడవనే పొడవని వేళ అభిజిత్ లగ్నవా? మీ చదువులో ఇదే చెప్పారా?" అన్నారు.

"అక్కడ నడినెత్తినే ఉంటాడండీ."

"అక్కడుంటే అక్కడి పురోహితుడు చూసుకుంటాడు. అక్షింతలు వేసేది ఎక్కడ? ఇక్కడ కదా!"



మూడోవాడు పోస్టుమాస్టరు. ఆయన చదువుకున్నవాడు, నా పక్షాన నిలబడతాడని ఆశపడి నేనే వెళ్ళి అడిగాను. భూమి గుండ్రమని ఒప్పుకున్నాడు. తేడా ఆరున్నర గంటలని కూడా ఒప్పుకున్నాడు. "కనుక పన్నెండుకి ఆరున్నర కలపాలి. సాయంత్రం ఆరున్నర" అన్నాడు.

"తీసెయ్యాలండీ, కలపకూడదు!"

"టీచరు గారూ, నా సర్వీసంతా దూరాలతోనే గడిచింది. విజయనగరం నుంచి ఉత్తరం ఇక్కడికి రావాలంటే టైము కలుస్తుందా, తగ్గుతుందా? ఎక్కడైనా దూరానికి టైము తగ్గడం చూశారా మీరు?"

ఇక ఊరు మూడు ముక్కలైంది. మిట్టమధ్యాహ్నం పంతులు గారిది, సాయంత్రం పోస్టుమాస్టరుది, తెల్లవారుజాము నాదీ మామ్మదీ. బడికి వెళ్ళే దారిలో టీ కొట్టు దగ్గర రోజూ ఎవరో ఒకరు, "టీచరమ్మా, సువాలో ఇప్పుడెంతయ్యుంటాదండీ?" అనేవారు. మొదటి వారం నిలబడి శ్రద్ధగా చెప్పాను. రెండో వారం నడుస్తూ చెప్పాను. ఆ తర్వాత గొడుగు అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయేదాన్ని. తరగతిలోనైతే ఒక అమ్మాయి లేచి, సువా పిల్లలకి పరీక్ష మనకన్నా ముందే అయిపోతుంది కాబట్టి వాళ్ళని ప్రశ్నలు అడిగి తెప్పించగలరా టీచర్ అంది. క్లాసంతా పెన్సిళ్ళు తీసి సిద్ధంగా కూర్చుంది.

ఇదంతా నవ్వులాటగానే పోయేది గానీ, మామ్మ ఆ రోజు అక్షింతలు పడేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనని మొక్కుకుంది. నాయుడు మావేమో పంతులు గారి మాట మీద మధ్యాహ్నానికి వీధి వీధంతా భోజనాలకి పిలిచేశాడు. ఫాల్గుణంలో ఎండలు అప్పటికే చుర్రుమంటున్నాయి. ఆ వయసు మనిషి ముందురోజు రాత్రినుంచి మిట్టమధ్యాహ్నం దాకా గొంతు తడపకుండా ఉండడమేమిటి, అదీ పొద్దున్నే అయిపోయిన పెళ్ళి కోసం! ఆ మాటే నాయుడు మావతో అన్నాను. ఒకసారి కాదు, ఆ వారంలో నాలుగైదుసార్లు అన్నాను. చివరిసారి ఆయన తలపాగా తీసి దులిపి, మళ్ళీ చుట్టుకుని అన్నాడు: "సూడు టీచరమ్మా. పాఠాలు బడిలో సెప్పు. ఇంట్లో కూడా సెప్తానంటే, గది కాళీ సేసి మరీ సెప్పు."

పెళ్ళికాని ఆడపిల్లకి ఆ ఊళ్ళో గది దొరకడమంటే మాటలు కాదు. ఈ ఒక్క గది కోసం మా నాన్న మూడుసార్లు రైలెక్కి దిగాడు. గదిలోకెళ్ళి తలుపేసుకుని, అట్లాసు ముందు పెట్టుకుని, సువా వైపు చూస్తూ ఎంత కోపగించుకున్నానో చెప్పలేను. ఆ పెద్దాయన ఓడెక్కి లండనుకో రంగూనుకో పోవచ్చు కదా!

ఆదివారం వచ్చింది. దబదబా తలుపు చప్పుడు. "లెగే గుంటా, మా అన్నింట్లో పన్నెండవుతున్నాది!"

పెరట్లోకి వెళ్ళేసరికి తూర్పున అప్పుడే తెల్లబడుతోంది. మామ్మ తలస్నానం చేసి, పెట్టె అడుగునుంచి తీసిన పట్టుచీర కట్టుకుంది, మడతల దగ్గర చీర చిరుగులు పట్టి ఉంది. పీట మీద గుమ్మడికాయ. నేను గీసిన గీతలు సగం చెరిగిపోయాయి గానీ రెండు బొట్లూ ఉన్నాయి. నా అలారం గడియారం ముల్లు అయిదున్నర దగ్గరికి రాగానే, "ఇప్పుడు" అన్నాను. నాకు తెలియకుండానే గుసగుసగా అన్నాను.

"పసుపు బొట్టు మీదేనా?"

"దాని మీదే."

మామ్మ గుప్పెడు అక్షింతలు తీసుకుని, కళ్ళు మూసుకుని, పేరు కూడా సరిగ్గా తెలియని పిల్లని "అమ్మీ, సల్లగా ఉండు" అంటూ కాయ మీద పోసింది. ఆ తర్వాత కిసుక్కున నవ్వింది. "గుమ్మడికాయకి పెళ్ళి సేసినాను, సూసినావా!" అని, వంటింట్లోకి వెళ్ళి గిన్నెడు చోడి అంబలి తాగి, నిదానంగా చుట్ట వెలిగించుకుంది.

మధ్యాహ్నం పంతులు గారు పందిట్లో అడుగుపెట్టీ పెట్టగానే వసారాలో కాయని చూశారు. పసుపు, కుంకుమ, అక్షింతలు. "శుభకార్యం పూట దిష్టి తీసిన గుమ్మడికాయని ఇంట్లో అట్టేపెట్టారేవిటర్రా!" అని రెండడుగులు వెనక్కి వేశారు. వచ్చినవాళ్ళంతా వెనక్కి జరిగారు.

"అది దిష్టికాయ కాదండీ, భూగోళం" అన్నాను. ఎవరూ తేరుకోలేదు సరికదా, ఇంకాస్త జరిగారు.

అప్పుడు మామ్మ ఉన్నదున్నట్టు చెప్పేసింది. పొద్దున్నే అక్షింతలు వేసేశాననీ, అంబలి కూడా తాగేశాననీ. నాయుడు మావ మొహం చూడాలి. "అమ్మా! ఉపాసం సెడగొట్టీసినావా?" అన్నాడు. ఆ మాట అంటూ చూసింది మాత్రం నన్ను.

"మా అన్న సెప్పిన ఏళకి ఏసీసినాను. మీరు సెప్పిన ఏళకీ ఏస్తాను. అక్షింతలకి కరువొచ్చిందేటి?" అంది మామ్మ. పంతులు గారు వాచీ చూసుకుని, గుమ్మడికాయకి వీపు తిప్పి మంత్రాలు చదివారు. అందరూ తూర్పుకి తిరిగి అక్షింతలు చల్లారు. బూరెలు తిన్నారు. సాయంత్రం సరిగ్గా ఆరున్నరకి పోస్టుమాస్టరు ఒక్కడూ వచ్చి, జేబులోంచి చిటికెడు తీసి అరుగు మీదనుంచి గాల్లోకి వేసి, మిగిలిన బూరెలు తిని వెళ్ళాడు. ఆ మర్నాటి నుంచి నాయుడు మావ నాతో మాట్లాడ్డం మానేశాడు. నెల తిరిగేలోగా వేరే గది చూసుకోమని వాళ్ళావిడ చేత చెప్పించాడు. బడి వదలగానే వీధులు తిరగడం మొదలుపెట్టాను. ఒకచోట ఇల్లాలు గది చూపించి, పేరు అడిగి, "ఓ, ఆ గుమ్మడికాయ టీచరమ్మా?" అని తాళం వేసేసింది.

కొన్ని వారాలకి సువా నుంచి ఉత్తరం వచ్చింది. పోస్టుమాస్టరే స్వయంగా పట్టుకొచ్చాడు. కబురు ఎలా తెలిసిందో, వెనకే పంతులు గారు. నాయుడు మావ నాతో మాట్లాడకుండా, ఉత్తరం నా ముందు పెట్టి పక్కకి తిరిగి కూర్చున్నాడు. ఇన్నాళ్ళకి నా లెక్కకి సాక్ష్యం వచ్చిందని గట్టిగా చదవడం మొదలుపెట్టాను.

పెళ్ళి బాగా జరిగింది. కానీ ఆ రోజు పొద్దుటినుంచీ కుండపోత వాన. ఏరు పొంగి, మగపెళ్ళివారి లారీ అవతలి ఒడ్డున నిలిచిపోయింది. పన్నెండు వచ్చింది, వెళ్ళిపోయింది. పెళ్ళికొడుకు పందిరికి చేరేసరికి పొద్దు వాలింది. అభిజిత్తు పోతే పోయింది, గోధూళి లగ్నం ఉందని అక్కడి పురోహితుడు ధైర్యం చెప్పాడు. "సాయంత్రం ఆరున్నరకి తాళి కట్టించాం."

"ఆరున్నర!" పోస్టుమాస్టరు అరుగు మీదనుంచి లేచిపోయాడు. "నేను మొదట్నుంచీ ఏమన్నాను? ఆరున్నర అన్నానా లేదా?"

"ఆ ఆరున్నర వాళ్ళదండీ! వాళ్ళకి సాయంత్రం ఆరున్నర అంటే మనకి అప్పుడు..." అని, నోరు తెరిచినదాన్ని తెరిచినట్టే ఆగిపోయాను.

పంతులు గారు చాలా మెత్తగా అడిగారు. "మనకి అప్పుడెంతమ్మా?"

అందరూ నా వైపే చూస్తున్నారు. నాయుడు మావ కూడా ఇటు తిరిగాడు. లెక్క తప్పు చెప్పడం నాకు చేతకాదు.

"పన్నెండు" అన్నాను.

నా లెక్కని ఆ ఊరు నమ్మింది ఆ ఒక్కసారే. నమ్మడం కూడా ఎలాంటి నమ్మకం! పంతులు గారు వాచీని కళ్ళకద్దుకున్నారు. మన మిట్టమధ్యాహ్నం అక్షింతలు సరిగ్గా తాళి కట్టే వేళకి పడ్డాయని, ఇక్కడ అభిజిత్తు అక్కడ గోధూళి, రెండూ సుముహూర్తాలేనని వీధి చివరిదాకా వినబడేలా చెప్పారు. పోస్టుమాస్టరు తనదీ గెలుపేనన్నాడు. మీరిద్దరూ గెలిచింది నా ఆరున్నర గంటల తేడాతోనేనని, అది లేకపోతే మీరు గెలిచినట్టు మీకే తెలిసేది కాదని నేను గొంతు చించుకుంటున్నాను. ఎవరు వింటారు? నాయుడు మావ గెలిచినవాడి ఔదార్యంతో, "పోన్లే టీచరమ్మా. ఒకోసారి అందరం తప్పుతాం. గది నీదే, ఉండు" అన్నాడు. ఆ దయకి వచ్చినంత ఏడుపు ఖాళీ చెయ్యమన్నప్పుడు కూడా రాలేదు.

అందరూ వెళ్ళాక మామ్మ అడిగింది. "ఇంకా ఉన్నాదా ఉత్తరం?"

ఉంది. నా గొడవలో పడి చివరి నాలుగు వాక్యాలు చదవనే లేదు. "పన్నెండింటికి పందిట్లో నేనొక్కణ్ణే కూర్చున్నాను చెల్లీ. మిగతావాళ్ళంతా ఏటి దగ్గరికి పరిగెత్తారు. నువ్వు ఈపాటికి అక్షింతలు వేస్తుంటావు కదా అనిపించింది. తలపాగా తీసి కూర్చున్నాను."

మామ్మ చుట్ట ఆరిపోయింది. మళ్ళీ వెలిగించుకోలేదు. "ఆడి పెళ్ళి మేమెవ్వలం సూడలేదే" అంది. "అక్కడే ఎవర్నో సేసుకున్నాడని ఎన్నాళ్ళకో కబురొచ్చినాది. నా కొడుకు నెత్తిన నాలుగు అక్షింతలు ఎయ్యలేకపోనానని మాయమ్మ సచ్చేదాకా అంటానే ఉన్నాది." చేతి వెనకవైపుతో కళ్ళు తుడుచుకుంది. "సిన్నదాన్ని, పెద్దోడి నెత్తిన ఎయ్యకూడదు. మాయమ్మ తరపున ఏసినాననుకుంటాను." ఆ తర్వాత ఉన్నట్టుండి నవ్వింది. "తలపాగా తీసినాడా? జుట్టున్నాదో లేదో రాసినాడేటి?"

రాయలేదన్నాను. కానీ నా మనసప్పటికే అక్కడ లేదు. లోపలికెళ్ళి పలక తీసి, లెక్క మొదట్నుంచి మళ్ళీ వేశాను. పన్నెండింటికి ఆయన నిజంగానే పందిట్లో ఉన్నాడు, ఇక్కడ నిజంగానే అయిదున్నరయింది, కనుక నేను చెప్పిందే సరైంది. ఇంతకన్నా రుజువేం కావాలి? పలకా ఉత్తరమూ పట్టుకుని వీధి గుమ్మం దాటబోతుంటే మామ్మ ఆపింది.

"ఎక్కడికే?"

"పంతులు గారింటికి మామ్మా. నేను చెప్పిందే నిజమని ఒప్పించాలి."

"మా అన్నకి తెలుసు, నాకు తెలుసు, నీకు తెలుసు. ఇంకెవలికి తెలియాలేటి?" అంది మామ్మ, అరుగు మీద తన పక్కన చోటు చూపిస్తూ. "కూకో."

నేను కూర్చోలేదు. వెళ్ళాను. పంతులు గారింటి వసారాలో పలక మీద రాసి, చెరిపి, రాసి, చీకటి పడేదాకా వాదించి, వాళ్ళావిడ పెట్టిన జంతికలు తిని, ఆయన్ని వెంట్రుకవాసి కదిలించలేక తిరిగొచ్చాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల మీద నవ్వొస్తుంది, కొంచెం ముచ్చటగానూ ఉంటుంది. పలక చంకన పెట్టుకుని, సత్యాన్ని నిలబెట్టడానికి ఎంత విసురుగా నడిచిందో!

ఇప్పుడైతే కూర్చునేదాన్ని.